చూడకూడదు, తుడవాలి

మా కొండ మీద మంచు పడిందంటే మామూలుగా పడదండీ. ఒకసారి జీపు రోడ్డు పక్కన ఆపి అలా చెట్టు చాటుకి వెళ్ళొచ్చేసరికి జీపు లేదు. తడుముకుంటూ తడుముకుంటూ వెతికితే చివరికి చేతికి తగిలింది. ఎక్కి కూర్చుని స్టార్ట్ చేయబోతే తాళం పట్టదు. తీరా చూస్తే అది వేరేవాడి జీపు. వాడేమో నా జీపులో కూర్చుని, తాళం పట్టట్లేదని నన్ను తిట్టుకుంటున్నాడు.

టూరిస్టులకి ఇలాంటివి చెబుతూ ఉంటేనే పైకి చేరేదాకా వాంతులు చేసుకోకుండా కూర్చుంటారు. మలుపులు అలాంటివి. కింద బస్టాండు నుంచి పైన గేటు దాకా జీపు నేను తోలుతాను, నోరు దానంతటదే పోతూ ఉంటుంది.

"డ్రైవర్ గారూ, పైన ఫోటోలు ఎందుకు తియ్యనివ్వరు?" అని ప్రతి ట్రిప్పులోనూ ఎవరో ఒకరు అడుగుతారు.

నేను అద్దంలోంచి మొహాలు చూసి, ఏ మొహానికి ఏ కథ అతుకుతుందో చూసుకుని చెబుతాను. కొత్తగా పెళ్ళైన జంటకైతే ఇదీ:

"ఒకాయన గుడి ముందు పెళ్ళాన్ని నిలబెట్టి ఫోటో తీశాడండీ. ఇంటికెళ్ళి చూస్తే ఫోటోలో ఆవిడ ఉంది, ఇంట్లో మాత్రం లేదు."

"అయ్యో! మరి?"

"మరేముంది, పుట్టింటికెళ్ళి బతిమాలి తెచ్చుకున్నాడు. ఫోటోలో లావుగా తీశాడని అలిగి పోయిందట."

అసలు సంగతి ఇంత సరదాగా ఉండదు. పైన పాత రాతి గుడి, దాని చుట్టూ కొండ అంచులు. ఎవడో ఫోటో మోజులో విగ్రహం భుజానికెక్కి దాని చెయ్యి విరగ్గొట్టాడు. మరో ఏడు ఒక జంట నవ్వుతూ నవ్వుతూ అంచు మీంచి వెనక్కి పోయారు. ఆ తర్వాత గేటు దాటితే ఎక్కడా ఫోటో తియ్యకూడదని రూలు పెట్టి, ఎర్ర బోర్డులు పాతారు.

మొదట్లో ఫోన్లు గేటు దగ్గరే తీసుకుని సంచుల్లో వేసేవాళ్ళు. ఒకాయన ఫోను ఇంకొకాయన జేబులోకి పోవడం, దానికి ఇంట్లో ఆవిడ కాని ఆవిడ ఫోన్ చెయ్యడం, రెండు కాపురాలు గేటు ముందే కూలబోవడం. దాంతో గుడి సూపర్నెంటు గారు పద్ధతి మార్చేశారు. ఫోన్లు లోపలికి తీసుకుపోవచ్చు. కక్కుర్తిపడి ఫోటోలు తీస్తే, బయటికొచ్చేటప్పుడు కౌంటర్లో తుడిపించుకుని పోవాలి. ఆ కౌంటర్లో కూర్చునేది మా బావ, మా అక్క మొగుడు.

కొండ మీద ఆయన్ని అందరూ బొటనవేలు అంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవడో ఒకాయన, "మా ఆవిడ ఫోటోల్ని మీవాడు గుడ్లప్పగించి చూస్తున్నాడు" అని గొడవ చేశాడట. సూపర్నెంటు గారు బావని పిలిచి, "చూడకూడదు. తుడవాలి. అంతే నీ పని" అన్నారు. ఇంకెవరైనా అయితే సరేనండీ అని తలూపి మర్చిపోదురు. మా బావకి మాటంటే మాటే. ఒక అట్టముక్క తెచ్చి, కింద సన్నగా ఒక సందు కోసుకున్నాడు. టూరిస్టు ఆ రోజు ఫోటోలు తెరిచి ఫోను ఇవ్వాలి. బావ దాని మీద అట్ట పెడతాడు. బొమ్మలన్నీ అట్టకిందికి పోతాయి, సందులోంచి బటన్లు మాత్రం కనిపిస్తాయి. బొటనవేలు టకటకా ఆడుతుంది. ఫోటోలు పోతాయి. పోయినవి ఫోను లోపలి చెత్తబుట్టలో దాక్కుంటాయి కదా, దాన్ని కూడా తెరిచి ఖాళీ చేస్తాడు. ఈ రెండోది చేసే మనిషి ఈ చుట్టుపక్కల గుళ్ళల్లో ఇంకెక్కడా లేడని ఆయనకి లోలోపల గర్వం.

"ఎన్ని వేల మొహాలు నా చేతికిందుగా పోయాయో బావమరిదీ. ఒక్క మొహం చూసి ఎరగను," అనేవాడు.

"పైకెళ్ళాక నీకు అదే పని ఇస్తార్లే బావా. మా పాపాల మీద అట్ట పెట్టి తుడిచెయ్యి," అనేవాణ్ణి నేను.

ఇక వాళ్ళ నాన్న. ఇది చెప్పకపోతే కథ ముందుకి కదలదు. మావయ్య ఆ కొండ మీద ఫోటోగ్రాఫరు. రూలు రాకముందు, ఫోన్లలో ఫోటోలు రాకముందు, ఆ కొండెక్కినవాడెవడైనా మావయ్య ముందు నిలబడి దిగాల్సిందే. ఆయన నిలబెట్టే చోట్లు మూడు. గుర్రం వీపు, కన్ను రాయి, తలుపు. మూడూ బండలే, మూడూ అంచులే, గుడికి మూడు దిక్కుల్లో ఉంటాయి. "స్టెడీ... స్టెడీ..." అంటూ ఒక చెయ్యి గాల్లోకి ఎత్తేవాడు. దానికే స్టెడీ తాత అని పేరు పడింది. మా బావ చదువు, మా అక్కతో పెళ్ళి, కొండ కింద రెండు గదుల ఇల్లు, అంతా ఆ చెయ్యి ఎత్తి సంపాదించిందే.

తండ్రి తీసేవాడు, కొడుకు తుడిచేవాడు. దీని మీద నేను జీపులో బోలెడు జోకులు వేసేవాణ్ణి. కాని ఇంట్లో అది జోకు కాదు. బావ ఆ ఉద్యోగంలో చేరిన రోజు మావయ్య మంచమ్మీంచి లేవకుండానే ఒక మాట అన్నాడు.

"నేను బతుకంతా తీసిందంతా నువ్వు తుడుస్తావన్నమాట."

"నీవి కాదు నాన్నా. వాళ్ళవి."

"నిలబడే మనుషులు వాళ్ళేగా, అబ్బాయ్."

ఆ తర్వాత ఆ మాటా పోయింది, మావయ్యకి మతీ పోయింది. ఒక్కసారిగా కాదు, గోడ సున్నం రాలినట్టు పెచ్చు పెచ్చుగా పోయింది. మొదట ఇరుగుపొరుగు పేర్లు, తర్వాత తిన్నాడో లేదో, తర్వాత మా అక్క ఎవరో. "ఈ అమ్మాయి ఎవరి తాలూకు?" అని కోడల్ని చూపించి కోడల్నే అడిగేవాడు. అన్నీ పోయినా పనికి పోవాలన్న ఒక్కటి మాత్రం పోలేదు. రీలు లేని కెమెరా మెడలో వేసుకుని, బెల్టు బిగించుకుని, కొండ ఎక్కేవాడు. మెట్లదారిలో ఎవరో ఒకరు గుర్తుపట్టి వెనక్కి తెచ్చేవాళ్ళు. అక్క లాడ్జీల దుప్పట్లు ఉతుకుతుంది. ఒక కన్ను దుప్పట్ల మీద, ఒక కన్ను మావయ్య మీద.

ఆ రోజు మంచు పొద్దున్నే దిగింది. మామూలుగా ఎండెక్కితే పోయేదే, ఆ రోజు పోలేదు. జనం మాత్రం ఏం తగ్గలేదు. మంచు చూడ్డానికే వస్తారు మరి. కనిపించని దాన్ని చూడ్డానికి కొండెక్కేవాళ్ళని నేను ఇక్కడే చూశాను.

సాయంత్రం అవుతుండగా నేను కౌంటర్ పక్కన నిలబడి, కిందికి దిగే జనం కోసం చూస్తున్నాను. ఒక కుటుంబం వచ్చింది. మంకీ టోపీ పెట్టుకున్న పెద్దాయన, ఆయన భార్య, పసుపుపచ్చ రెయిన్‌కోటులో కాలేజీ చదివే కూతురు. పెద్దాయన ఫోనులో ఏమీ లేవు. ఆవిడ ఫోనులో చార్జింగే లేదు. పిల్ల ఫోనులో ఉన్నాయి.

"అంకుల్, ఒక్కటి ఉంచండి. మిగతావన్నీ తీసెయ్యండి, ఈ ఒక్కటి ఉంచండి, ప్లీజ్," అంది.

"ఒకటైనా వందైనా రూలు ఒకటే తల్లీ."

"అది కాదంకుల్, మీరొకసారి చూడండి. చూస్తే మీరే ఉంచుకోమంటారు." ఫోను తిప్పి బావ మొహం ముందు పెట్టింది.

బావ ఠక్కున మొహం గోడకేసి తిప్పేశాడు. ఎవరో బట్టలు మార్చుకుంటుంటే తిప్పినట్టు. నేను పకపకా నవ్వాను.

"మా బావ చూడడమ్మా. పెళ్ళిచూపుల్లో మా అక్కని కూడా అట్ట అడ్డం పెట్టుకునే చూశాడు," అన్నాను.

పిల్ల నవ్వలేదు. వాళ్ళ నాన్న విసుక్కున్నాడు. "ఇచ్చెయ్యవే, బస్సు పోతుంది." బావ మొహం తిప్పుకునే చెయ్యి చాపి ఫోను తీసుకుని, అట్ట పెట్టి, బొటనవేలు ఆడించాడు. ఫోటోలు పోయాయి. చెత్తబుట్ట తెరిచాడు. అదీ పోయింది. ఫోను తుడిచి, రెండు చేతులతో మర్యాదగా తిరిగిచ్చాడు.

వాళ్ళని జీపెక్కించుకున్నాను. పిల్ల మొహం మాడ్చుకుని కిటికీలోంచి మంచుని చూస్తోంది. ఏడిపించినవాడి బావమరిదిని నేనే కాబట్టి నవ్వించాల్సింది కూడా నేనేనని, జీపు మారిపోయిన కథ ఎత్తుకున్నాను. సగంలో ఉండగా పిల్ల అడ్డం వచ్చింది.

"మీ కథకన్నా మంచిది నా దగ్గరుండేది. మీవాళ్ళు తుడిచేశారు."

"ఏం కథమ్మా అది?"

"ఒక తాతగారి ఫోటో. మంచులోంచి సడన్‌గా వచ్చారు. పాతకాలం కెమెరా. మమ్మల్ని ముగ్గుర్నీ నిలబెట్టి, ఇలా చెయ్యెత్తి, స్టెడీ, స్టెడీ అంటూ..."

నా కాలు బ్రేకు మీదికి దానంతటదే పోయింది. వెనకాల ముగ్గురూ ముందు సీటుకి గుద్దుకున్నారు.

"ఎక్కడమ్మా? ఎక్కడ చూశారు?"

"పైన. గుడి దాటాక."

"గుడి దాటాక ఏ వైపు? ఏ బండ దగ్గర?"

"ఏమో. మంచులో ఎటు నడిచామో మాకేం తెలుసు? ఒక పెద్ద బండ, ఎర్ర బోర్డు."

మూడు చోట్లా బండే. మూడు చోట్లా ఎర్ర బోర్డే.

"బోర్డు కింద ఆ చోటు పేరు ఉంటుందమ్మా, చిన్న అక్షరాలతో. చదివావా?"

పిల్ల నన్ను చూసింది. పాపం, నేనెందుకలా అడుగుతున్నానో దానికి తెలీదు.

"చదవలేదు. ఫోటోలో ఉందిగా అని..."

"మీరొచ్చేటప్పుడు ఆయన మీతో వచ్చాడా?"

ఈసారి వాళ్ళమ్మ చెప్పింది. "లేదు బాబూ. మేం ముగ్గురం పట్టట్లేదని వెనక్కి జరుగుతూ, సర్దుకుంటూ ఉన్నాడాయన. ఈయనేమో బస్సు, బస్సు అని కంగారుపెట్టాడు. సరేనండీ చాలండీ అని చెప్పి వచ్చేశాం. పాపం, ఎవరో పిచ్చాయన అనుకున్నాం."

ముందు ఇంటికే పోనిచ్చాను. ఏమో, ఆయన్ని వాళ్ళు చూశాక ఎవరైనా దించారేమో. పెరట్లో తాళ్ళ మీద తెల్లదుప్పట్లు వరసగా వేలాడుతున్నాయి, వాటి చుట్టూ తెల్ల మంచు. అక్క ఒక్కో దుప్పటీ ఎత్తి వెనకాల చూస్తూ కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది.

"తమ్ముడూ, మావయ్యగారు కనిపించట్లేదురా. మధ్యాహ్నం అన్నం పెట్టి ఇక్కడే కూర్చోబెట్టాను. పక్కింటి వాళ్ళనడిగాను, మెట్లదారిలో అడిగాను. ఈ మంచులో ఎవరికి కనిపిస్తాడురా!"

"నువ్వు ఇల్లు కదలకు. వస్తే కూర్చోబెట్టు," అని జీపు వెనక్కి తిప్పాను. నా మొహం చూసి అక్క నన్నేమీ అడగలేదు. నేను ఊరుకున్నానంటేనే ఏదో అయిందని దానికి తెలుసు.

ఆ కుటుంబం దిగి బస్సు పట్టుకోవచ్చు. పెద్దాయన అదే అన్నాడు కూడా. "మనం ఉండి చేసేదేముంది?" అన్నాడు. పిల్ల దిగలేదు. "ఫోను నాదే నాన్నా, నేను వస్తాను," అంది.

మేం పైకి చేరేసరికి గేటు మూసే వేళ. బావ కౌంటర్ గుడ్డతో తుడుస్తున్నాడు. చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు. బతుకులో అలంకారం లేకుండా నేను చెప్పిన సంగతి అదొక్కటే అయ్యుంటుంది.

బావ గుడ్డ పక్కన పడేశాడు. పిల్ల వైపు చెయ్యి చాపాడు. పిల్ల ఫోను ఇచ్చింది. ఫోటోలు తెరిచాడు. ఆ రోజుది ఒక్కటీ లేదు. చెత్తబుట్ట తెరిచాడు. ఖాళీ. మూసి మళ్ళీ తెరిచాడు. ఖాళీ. ఆ వేలు ఆ ఖాళీ మీద నొక్కుతూనే ఉంది, గోడ తలుపవుతుందేమో అన్నట్టు.

"ఎక్కడో ఉంటుంది. ఎక్కడో ఒకచోట ఉంటుంది కదమ్మా?"

"లేదంకుల్. మీరు రెండుసార్లు తుడిచారు."

పిల్ల నిష్ఠూరంగా అనలేదు, ఉన్నమాట చెప్పింది. బావ తలూపాడు.

"గుర్తు తెచ్చుకో తల్లీ. బండకి పగులు ఉందా? పక్కన ఇనప గొలుసు ఉందా? గాలి ఏ వైపు నుంచి కొట్టింది?"

పిల్ల కళ్ళు మూసుకుంది. వాళ్ళమ్మ గొలుసు ఉందంది, నాన్న లేదన్నాడు. ఇద్దరూ అక్కడే పోట్లాడుకున్నారు. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను ఆ తాతగారినే చూశానంకుల్. ఇంకేం చూళ్ళేదు."

కాపలావాళ్ళు అప్పటికే ఆఖరి జీపులో దిగిపోయారు. కొండ తెలిసినవాళ్ళలో మిగిలింది నేను, బావ, మోకాళ్ళు పట్టేసిన టికెట్ల ముసలాయన. ఆ మంచులో ఒంటరిగా పోయినవాడు తిరిగి రాడు. ఇద్దరు నడుములకి ఒకే తాడు కట్టుకుని పోవాలి. వెలుతురు ఒక్క చోటికి పోయి రావడానికి సరిపోతుంది. మూడింట్లో ఒకటి.

"నువ్వు చెప్పు బావా," అన్నాను. "మీ నాన్న. నీకే తెలుస్తుంది."

బావ తాడు నడుముకి చుట్టుకున్నాడు. "గుర్రం వీపు," అన్నాడు చివరికి. "నన్ను ఎప్పుడూ అక్కడే నిలబెట్టేవాడు."

పోయాం. నా చెయ్యి నాకు కనిపించలేదు. ఇది జీపు కథ కాదు, నిజంగానే కనిపించలేదు. బావ ముందు, నేను వెనక, మధ్యలో తాడు. "నాన్నా!" అని అరుస్తాడు. ఆ మంచు అరుపుని దూదిలో పెట్టి చుట్టేసినట్టు అక్కడికక్కడే ఆపేస్తుంది. నేను "మావయ్యా, రీలు తెచ్చాం, రా!" అని అరిచాను. రీలంటే వస్తాడేమోనని. గుర్రం వీపు బండని చేతుల్తో తడిమి చూశాం. బోర్డు తడిమాం. నేల మీద పాకి అంచు దాకా పోయి కిందికి అరిచాం. అక్కడ ఎవరూ లేరు. ఎవరూ వచ్చిన జాడ లేదు.

తిరిగి గేటు చేరేసరికి చీకటి పడిపోయింది. టికెట్ల ముసలాయన కబురు పెడితే సూపర్నెంటు గారు వచ్చి ఉన్నారు. బావ తాడు విప్పకుండానే వెనక్కి తిరిగాడు.

"ఎక్కడికి?"

"ఇంకా రెండున్నాయి సార్."

"నీకు పిచ్చా? చీకట్లో, ఈ మంచులో? ఒకణ్ణి వెతకాల్సిన చోట ముగ్గుర్ని వెతకమంటావా నన్ను? తాళ్ళతో లోయలోకి దిగేవాళ్ళకి ఫోన్ చేశాను. తెల్లారేసరికి వస్తారు."

"తెల్లారేదాకా ఆయన..."

"ఏదో బండ చాటున కూర్చునుంటాడు. కొండ ఆయనకి కొత్తా?"

బావ గేటు మీదికి కాలు వేశాడు. నేను వెనకనుంచి తాడు పట్టుకుని లాగాను. కొట్టాడు నన్ను. బొటనవేలు తప్ప ఇంకేం కదపని మనిషి పిడికిలి బిగించి కొట్టాడు. టికెట్ల ముసలాయన, నేను, సూపర్నెంటు గారు ముగ్గురం మీదపడి కూర్చోబెట్టాం. సూపర్నెంటు గారు చెప్పింది తప్పు కాదు. అదే పెద్ద కష్టం. అందులో తిట్టడానికి ఎవరూ లేరు.

తెల్లారి తాళ్ళవాళ్ళు కన్ను రాయి చూసి, అక్కడ లేకపోతే తలుపు దగ్గరికి పోయారు. మంచు అప్పుడే విడుతోంది. అంచు కింద, పెద్ద లోతేం కాదు, ఒక చదును మీద మావయ్య పడుకుని ఉన్నాడు. కాలు విరిగింది. కోటు తీసి కెమెరాకి చుట్టాడు. తనకి కాదు, కెమెరాకి.

డాక్టరు చూసి, మేం అడగకుండానే ఒక మాట చెప్పేశాడు. "దెబ్బలకి పోయే మనిషి కాదు. చలికి పోయాడు. తెల్లవారుజాము దాకా బతికే ఉన్నాడు."

కొంతమందికి అడగకపోతే చెప్పకూడదని తెలియదు. బావ ఆ మాట విని, "సరేనండీ," అన్నాడు.

సూపర్నెంటు గారు ఇంటికొచ్చి బావ భుజం మీద చెయ్యి వేశారు. "నువ్వు బాధపడకు. నీ తప్పేం లేదు. రూలు ప్రకారమే చేశావు," అన్నారు. ఓదార్పుకే అన్నారు. బావ ఆ చెయ్యి తీసేదాకా కదలకుండా కూర్చుని, తీశాక లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. అక్క ఆ తర్వాత దుప్పట్లు పెరట్లో ఆరెయ్యడం మానేసింది. డాబా మీద ఆరేస్తుంది.

మావయ్యకి ఇంట్లో ఒక్క ఫోటో లేదు. కొండెక్కిన వాళ్ళందరి ఇళ్ళల్లోనూ ఆయన తీసిన ఫోటోలున్నాయి, ఆయన మటుకు ఎప్పుడూ కెమెరా వెనకే ఉన్నాడు. గోడకి పెట్టుకుందామన్నా ఏమీ లేదు.

కొన్నాళ్ళు పోయాక నా ఫోనుకి ఒక మెసేజీ వచ్చింది. ఆ పిల్ల. ఆ రాత్రి వాళ్ళని కిందికి దించినప్పుడు నంబరు తీసుకుంది. వాళ్ళన్న ఆ ఫోను కొనిచ్చినప్పుడు లోపల ఏదో పెట్టాడట, తీసిన ప్రతి ఫోటో దానంతటదే ఇంకెక్కడో కూడా దాక్కుంటుందట. ఆ సంగతి పిల్లకే తెలీదు. అన్న ఇంటికొచ్చి కంప్యూటర్ తెరిస్తే ఉంది. "అంకుల్‌కి ఎలా పంపాలో తెలీక మీకు పంపుతున్నాను. క్షమించమని చెప్పండి," అని రాసింది.

తెరిచి చూశాను. చెప్పకూడదు కాని, మంచి ఫోటో. మావయ్య ఒక కన్ను మూసి, కెమెరా ఇంకో కంటికి ఆనించి, ఒక చెయ్యి గాల్లోకి ఎత్తి ఉన్నాడు. మొహంలో మతి పోయిన జాడే లేదు. పని చేసుకుంటున్న మనిషి మొహం. ఆయన వెనక ఎర్ర బోర్డు. ఫోటోలు నిషేధం. దాని కింద, ఎవరైనా చదవగలిగినట్టు, తలుపు.

జీపు పక్కన పెట్టి అక్క దగ్గరికి పోయి చూపించాను. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి, "తుడిచెయ్యి," అంది.

"ఏంటే?"

"ఆయన చూడకముందే తుడిచెయ్యరా. ఆ పేరు ఆయన చదివితే... తుడిచెయ్. లేకపోతే ఏదన్నా చెప్పు. నీకు అబద్ధాలు కొత్తా?"

"మావయ్య ఫోటో ఇంకెక్కడా లేదే, అక్కా."

"తెలుసురా."

నా వేలు బటన్ దాకా పోయింది. నేను లేని జీపుల గురించి, లేని పెళ్ళాల గురించి ఎన్నైనా చెప్పగలను. దాని మీద వేలు మటుకు పడలేదు. ఈలోగా వెనక బావ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. చెయ్యి చాపాడు, కౌంటర్లో చాపినట్టే. ఇచ్చేశాను.

చూశాడు. చూస్తూనే ఉన్నాడు. రెండు వేళ్ళతో బొమ్మని పెద్దది చెయ్యబోయాడు. అలవాటు లేక రెండుసార్లు జారిపోయింది. మూడోసారి పెద్దదైంది. ముందు మొహం, తర్వాత ఎత్తిన చెయ్యి, ఆ తర్వాత బోర్డు.

"తలుపు," అని పైకి చదివాడు.

అక్క ఏడవడం మొదలుపెట్టింది. బావ ఏడవలేదు. "పద, స్టూడియోకి పోదాం," అన్నాడు నాతో.

బజారు స్టూడియోలో కుర్చీల్లో కూర్చున్నాం. స్టూడియో ఆయనకి మావయ్య బాగా తెలుసు. కంప్యూటర్లో ఫోటో పెద్దది చేసి, "ఏం నిలబడ్డాడయ్యా! దొరలా ఉన్నాడు," అన్నాడు. మౌస్ తిప్పుతూ, "వెనక ఈ ఎర్ర బోర్డు దరిద్రంగా ఉంది. తీసేసి మొత్తం మంచు చేసేస్తాను. ఒక్క నిమిషం పని. శుభ్రంగా ఉంటుంది," అన్నాడు.

నేను గబగబా, "ఆఁ, తీసెయ్యండి, తీసెయ్యండి," అన్నాను.

"వద్దు," అన్నాడు బావ.

"అక్షరాలన్నా..."

"ఏదీ తుడవొద్దు. ఉన్నది ఉన్నట్టు ఉంచండి."

ఫోటో ఇప్పుడు వాళ్ళ ముందుగదిలో ఉంది. వెళ్ళినవాళ్ళు ముందు బోర్డే చదువుతారు. అది పెద్ద అక్షరాలు కదా. బావ ఉద్యోగం మానలేదు. అదే కౌంటర్, అదే అట్ట, అదే వేలు. ఇంటికొచ్చి, ఆ ఫోటో ఉన్న గోడకి వీపు పెట్టి కూర్చుని అన్నం తింటాడు. అక్క ఒకసారి కంచం ఫోటోకి ఎదురుగా మార్చి పెట్టింది. కంచం తీసుకుని మళ్ళీ ఇటే తిరిగి కూర్చున్నాడు.